గోదావరి గాలికి నిలిచేలా కారుకి చవగ్గా రంగు

పాత కారుకి రంగు వేయించాలంటే అందరూ ముందు అడిగేది "ఫుల్ బాడీకి ఎంత?" అని. కోనసీమలోనో, భీమవరం, నరసాపురం వైపో ఉండేవాళ్లు అంతకంటే ముందు "రంగు కింద ఏం చేస్తారు?" అని అడగాలి. మన దగ్గర ఎండకి వెలిసేది కొంతే, ఎక్కువగా లోపల్నుంచి పొంగి ఊడిపోతుంది. సముద్రపు గాలిలో ఉప్పు, రొయ్యల బళ్లు రోడ్డు మీద కార్చుకుంటూ పోయే నీళ్లలో ఉప్పు, తీరం దగ్గరి ఊళ్లలో బోరు నీళ్లలోనూ ఉప్పే. అది రేకు మీద కాస్త మిగిలినా చాలు, పైన ఎంత ఖరీదైన పెయింట్ కొట్టినా తేమని లోపలికి లాక్కుని బుడగలు లేపుతుంది.

అందుకే కడగడం దగ్గరే శ్రద్ధ పెట్టండి. మట్టి బోరు నీళ్లతో వదిలించినా, ఆఖరిసారి మాత్రం మంచినీళ్లతోనే కడగాలి, కుళాయి లేకపోతే తాగే నీళ్ల టిన్నులైనా తెచ్చుకోండి. డోర్ల అడుగున నీళ్లు పోయే చిన్న కన్నాలు ఉంటాయి, బురద పట్టి మూసుకుపోతాయి, పుల్లతో పొడిచి శుభ్రం చేయండి, చాలా కార్లకి తుప్పు మొదలయ్యేది అక్కడే. తుప్పున్న చోటల్లా వైర్ బ్రష్‌తో, 80 నంబర్ శాండ్‌పేపర్‌తో మెరిసే రేకు తేలేదాకా గీకి, ఆలస్యం చేయకుండా ఎపాక్సీ ప్రైమర్ (రేకుకి తేమ తగలకుండా రంగు కింద వేసే పూత) కొట్టాలి. చిల్లు పడి ఉంటే పుట్టీతో పూడ్చనివ్వకండి, రేకు ముక్క వెల్డింగ్ చేయించాల్సిందే.

చవక షాపుల్లో పని చెడేది పుట్టీ దగ్గర. పుట్టీ నీళ్లు పీల్చుకుంటుంది. దాన్ని నీళ్లు పోస్తూ వాటర్ పేపర్‌తో రుద్ది, పైపైన తుడిచి, వెంటనే ప్రైమర్ కొట్టేస్తే చెమ్మ లోపలే ఉండిపోతుంది, డెలివరీ రోజున అద్దంలా ఉన్న డోర్ ఒక్క వానాకాలం దాటేసరికి పొక్కులు పొక్కులుగా లేస్తుంది. కాబట్టి పుట్టీని పొడిగానే రుద్దమనండి, 80తో మొదలుపెట్టి 180, 240 దాకా. ప్రైమర్ ఆరాక 400, 600 పేపర్లకి నీళ్లు వాడుకోవచ్చు, కానీ కారు ఎండలో బాగా ఆరాకే రంగు.

ఈ రుద్దుడు పనంతా మీరే ఇంటి దగ్గర చేసుకోవచ్చు. నా సలహా కూడా అదే: లైట్లు, హ్యాండిళ్లు, రబ్బర్లు విప్పడం, కడగడం, రుద్దడం మీరు చేయండి, స్ప్రే గన్‌తో రంగు కొట్టే పని షాపుకి ఇవ్వండి. ఖర్చులో పెద్ద భాగం కూలీయే, పైగా రేకు మీద ఏం జరిగిందో మీకు తెలుస్తుంది. ఇంట్లో గన్ పట్టుకోవద్దనడానికి ఇంకో కారణం ఉంది. పీయూ (పాలీయురేథేన్) పెయింట్‌లో గట్టిపడటానికి కలిపే హార్డెనర్‌లో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి, పిచికారీ చేసేటప్పుడు పీలిస్తే ఆస్తమా రావచ్చు. మూతికి కట్టుకునే తువ్వాలు, మామూలు మాస్కు దీనికి అస్సలు పనికిరావు. పిల్లలు తిరిగే వాకిట్లో ఈ పని పెట్టుకోకండి.

కాలం కూడా చూసుకోవాలి. వానల్లో చవక ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింట్ కొడితే థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు పై పొర చల్లబడి తేమ దాని మీద దిగుతుంది, రంగు పాలు పోసినట్టు తెల్లబడిపోతుంది. జనవరి నుంచి మార్చి దాకా మేలు, అదీ మంచు విడిచాక పదింటికి మొదలుపెట్టి మధ్యాహ్నం మూడింటికల్లా ముగించాలి. దాళ్వా (రెండో పంట వరి) కోతలు మొదలైతే దుమ్ము. చీకటి పడ్డాక లైట్లు వేసి కొట్టారా, చేలల్లోని పచ్చదోమ అంతా వచ్చి తడి రంగు మీదే వాలుతుంది. కంప్రెసర్ ట్యాంకులో చేరే నీళ్లని రోజూ పొద్దున్నే వదిలేస్తున్నారా, గొట్టానికి నీళ్లు ఆపే ఫిల్టర్ ఉందా అని అడగండి, మన గాలికి ఇది తప్పనిసరి.

షాపులో బేరం ఆడేముందు ఎన్‌సీయా పీయూనా, క్లియర్ కోట్ (రంగు మీద వేసే పారదర్శక పూత) రేటులో కలిపే చెప్పారా, డోర్ల లోపలి అంచులు కూడా వేస్తారా, ఇవన్నీ కాగితం మీద రాయించుకోండి. డబ్బు ఒకేసారి ఇవ్వకండి: కొంత అడ్వాన్సు, ప్రైమర్ అయ్యాక మీరు కళ్లారా చూసి కొంత, మిగతాది పగటి వెలుగులో కారు చుట్టూ తిరిగి చూశాక. సాయంత్రం ట్యూబ్‌లైటు కింద డెలివరీ తీసుకోవద్దు, అక్కడ షేడ్ తేడా దొరకదు. సిల్వర్, పెర్ల్ రంగులు పాతదానితో కలవడం కష్టం, తక్కువ బడ్జెట్ అయితే సాదా తెలుపే నయం. ఉన్న రంగే వేయించేటట్టయితే డోర్ పిల్లర్ మీదో బానెట్ కిందో ఉండే స్టిక్కర్‌లో కలర్ కోడ్ చూసి ఇవ్వండి. రంగే మార్చేస్తుంటే ఆర్టీఓ ఆఫీసులో ఆర్‌సీలో ఎక్కించుకోవాలి, ఇన్సూరెన్స్ వాళ్లకీ చెప్పాలి.

ఇంటికి తెచ్చాక కనీసం వారం దాకా షాంపూ పెట్టి కడగొద్దు, నెల దాటేదాకా వ్యాక్స్ వద్దు. కొత్త రంగు మీద ప్లాస్టిక్ కవర్ కప్పితే కింద చెమ్మ పడుతుంది, దానికంటే గాలి ఆడే షెడ్డు మేలు. రొయ్యల బండి వెనకాల ఇరుక్కుని కారు తడిసిందంటే మాత్రం ఆ రోజే మంచినీళ్లు కొట్టండి, ముఖ్యంగా చక్రాల పైన, డోర్ల అడుగున.