వర్చువల్ మెషీన్‌కు గ్రాఫిక్స్ కార్డు పాస్‌త్రూ: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

లినక్స్ హోస్ట్ (అసలు యంత్రం) మీద కేవీఎం (లినక్స్ కెర్నల్‌లోని వర్చువలైజేషన్ సదుపాయం) వాడుతూ, ఒక గ్రాఫిక్స్ కార్డును పూర్తిగా గెస్ట్‌కు (వర్చువల్ మెషీన్‌కు) అప్పగించాలనుకునే, అంటే పాస్‌త్రూ చేయాలనుకునే వారి కోసం ఇది రాస్తున్నాను. కెర్నల్ పారామీటర్లు మార్చడం, కెర్నల్ లాగ్ చదవడం మీకు వచ్చనే భావిస్తున్నాను.

సమస్య: వర్చువల్ మెషీన్ మొదలే కావడం లేదు

ముందుగా సిస్ డైరెక్టరీలో కెర్నల్ కింద ఉండే ఐఓఎంఎంయూ గ్రూప్స్ ఫోల్డరును చూడండి. ఐఓఎంఎంయూ అంటే పరికరాలు మెమరీని చేరే దారిని అదుపు చేసే హార్డ్‌వేర్; గ్రూపు అంటే ఒకదాని నుంచి ఒకటి వేరు చేయలేని పరికరాల సమూహం. అది ఖాళీగా ఉంటే మిగిలిన అమరికలు ఎంత సరిగా ఉన్నా ప్రయోజనం ఉండదు. బయాస్‌లో వీటీ-ఎక్స్ ఆన్ చేసినంత మాత్రాన వీటీ-డి ఆన్ అయినట్లు కాదు. మొదటిది ప్రాసెసర్‌కు సంబంధించినది, రెండవది పరికరాలు మెమరీని చేరే దారిని అదుపు చేసేది, అంటే ఇంటెల్ ఐఓఎంఎంయూ. ఇంటెల్ యంత్రాల్లో కెర్నల్ పారామీటరు ద్వారా కూడా ఐఓఎంఎంయూను ఆన్ చేయవలసి రావచ్చు.

ఫోల్డరులో గ్రూపులు కనిపిస్తే, కార్డు ఏ డ్రైవర్ చేతిలో ఉందో ఎల్‌ఎస్‌పీసీఐ (పీసీఐ పరికరాల జాబితా చూపే కమాండ్) ద్వారా చూడండి. ఒక్క నిమిషం పట్టే ఈ పరిశీలనను వదిలేసి, గెస్ట్‌ను రెండు మూడు సార్లు మళ్లీ ఇన్‌స్టాల్ చేసిన వారిని ఎందరినో చూశాను. అక్కడ వీఎఫ్‌ఐఓ పీసీఐ (పరికరాన్ని గెస్ట్‌కు ఇవ్వడానికి హోస్ట్‌లో పట్టుకుని ఉంచే డ్రైవర్) పేరు లేకపోతే, డ్రైవర్ అమరిక మార్చాక ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌ను (బూట్ మొదట్లో కెర్నల్ వాడే చిన్న ఫైల్ సిస్టమ్‌ను) మళ్లీ తయారుచేయడం మరచిపోయి ఉంటారు. కార్డులోని ఆడియో భాగాన్ని కూడా వీఎఫ్‌ఐఓకే అప్పగించాలి.

గ్రూపు పనికిరాదన్న సందేశం వస్తే, అదే గ్రూపులో ఉన్న మరో పరికరం ఇంకా హోస్ట్ డ్రైవర్ వద్దే ఉందని అర్థం. కార్డును వేరే స్లాట్‌లోకి మార్చి చూడండి. గ్రూపులను బలవంతంగా విడదీసే ఏసీఎస్ ప్యాచ్ పరికరాల మధ్య ఉండవలసిన రక్షణను బలహీనపరుస్తుంది కనుక నేను దానిని సూచించను.

సమస్య: గెస్ట్ నడుస్తోంది, తెర మాత్రం నల్లగానే ఉంది

నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టింది ఇదే. ఐఓఎంఎంయూ ఆన్‌లో ఉంది, గ్రూపు సరిగా ఉంది, డ్రైవర్ వీఎఫ్‌ఐఓయే, వర్చువల్ మెషీన్ ఏ ఫిర్యాదూ లేకుండా మొదలైంది. మొదటిసారి ఈ స్థితిలో కార్డు రోమ్ ఫైలు (కార్డు ఫర్మ్‌వేర్ నకలు) మార్చాను, గెస్ట్ ఫర్మ్‌వేర్ మార్చాను, చివరికి కార్డే చెడిపోయిందనుకున్నాను. హోస్ట్ కెర్నల్ లాగ్‌లో మాత్రం బార్‌ను (కార్డుకు కేటాయించిన మెమరీ చిరునామాల భాగాన్ని) రిజర్వ్ చేయలేకపోతున్నానన్న ఒకే వరుస పదే పదే వస్తూనే ఉంది. నేను గెస్ట్ లాగ్ మాత్రమే చూస్తూ కూర్చున్నాను.

కారణం ఇది. యంత్రం ఆన్ కాగానే బయాస్ తన తొలి చిత్రాన్ని ఈ కార్డు మెమరీలోనే గీస్తుంది. కెర్నల్ తన కన్సోల్ కోసం ఆ ఫ్రేమ్‌బఫర్‌ను (తెర చిత్రం ఉండే మెమరీని) అలాగే పట్టుకుని ఉంచుతుంది. తరువాత వచ్చిన వీఎఫ్‌ఐఓకు కార్డు దక్కుతుంది గానీ, మెమరీలోని ఆ భాగం దక్కదు. డ్రైవర్ పేరు ఒక్కటే చూసి ఈ తేడాను కనిపెట్టలేము. ప్రోక్ డైరెక్టరీలోని ఐఓమెమ్ ఫైలును రూట్‌గా తెరవండి, లేకపోతే చిరునామాలన్నీ సున్నాలుగానే కనిపిస్తాయి. కార్డు చిరునామాల కింద బూట్‌ఎఫ్‌బీ, ఈఎఫ్‌ఐఎఫ్‌బీ, సింపుల్‌ఎఫ్‌బీ వంటి పేరు ఉంటే కారణం దొరికినట్లే.

బయాస్‌లో ప్రధాన డిస్‌ప్లేగా ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌ను ఎంచుకుని, మానిటర్ కేబులును మదర్‌బోర్డుకు మార్చడం అన్నిటికంటే మంచి పరిష్కారం. ఆ వీలు లేనప్పుడు, ఇనిట్‌కాల్ బ్లాక్‌లిస్ట్ అనే కెర్నల్ పారామీటరులో సిస్‌ఎఫ్‌బీ ఇనిట్‌ను చేర్చండి. ఈఎఫ్‌ఐఎఫ్‌బీని ఆఫ్ చేయాలన్న పాత సలహా 5.15 తరువాతి కెర్నల్‌లలో చాలా చోట్ల పనిచేయదు. ఈ మార్పుతో హోస్ట్ కన్సోల్ ఆ తెరపై కనిపించకుండా పోతుంది కనుక, ముందుగా మరో యంత్రం నుంచి ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా లోపలికి వెళ్లగలుగుతున్నారని తప్పక నిర్ధారించుకోండి.

అరుదైనవి

మొదటిసారి పనిచేసి, గెస్ట్‌ను ఆపి మళ్లీ మొదలుపెడితే హోస్ట్ రీబూట్ చేసేదాకా పనిచేయకపోతే, అది కొన్ని ఏఎండీ కార్డుల్లోని రీసెట్ లోపం. వెండర్ రీసెట్ మాడ్యూల్ ప్రయత్నించండి. విండోస్ గెస్ట్‌లో ఎన్విడియా జీఫోర్స్ కార్డుకు కోడ్ 43 (పరికరాన్ని ఆపేశామని విండోస్ చూపే లోపం) వస్తే, 2021లో వచ్చిన 465 లేదా ఆ తరువాతి డ్రైవర్ వేయండి.