పసిబిడ్డ ముఖంపై ఎండ మచ్చలా? ఎక్స్‌పీని గుర్తుపట్టడం ఎలా?

ఎండలో ఆడిన పిల్లల బుగ్గలు కందడం మామూలే. కానీ రెండేళ్లు నిండకముందే ముఖం నిండా ఆవగింజల్లాంటి గోధుమరంగు చుక్కలు వస్తే, అదీ మన చామనచాయ పిల్లలకు, ‘వేడి చేసింది’ అని సరిపెట్టుకోకూడదు. జీరోడెర్మా పిగ్మెంటోసం, క్లుప్తంగా ఎక్స్‌పీ, అనే అరుదైన వంశపారంపర్య జబ్బు చాలాసార్లు ఇలాగే బయటపడుతుంది. ఎండలోని అతినీలలోహిత (యూవీ) కిరణాలు చర్మకణాల డీఎన్‌ఏను దెబ్బతీస్తే శరీరం తనే బాగుచేసుకుంటుంది. ఈ పిల్లల్లో ఆ మరమ్మతు సరిగా జరగదని 1968లో జేమ్స్ క్లీవర్ అనే శాస్త్రవేత్త కనుగొన్నారు. అందుకే 20 ఏళ్లలోపు వీరికి మెలనోమా (చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సర్) కాని చర్మ క్యాన్సర్ల ముప్పు దాదాపు 10,000 రెట్లు ఎక్కువ. బడికి వెళ్లే వయసులోనే తొలి కణితి కనిపించవచ్చు.

మొదట: ఒళ్లంతా పోల్చి చూడండి

వెలుతురు బాగా ఉన్న గదిలో బట్టలు తీసి చూడండి. చుక్కలు ముఖం, మెడ, ముంజేతుల మీద దట్టంగా ఉండి, పిరుదుల దగ్గర చర్మం శుభ్రంగా ఉంటే అనుమానించాల్సిందే. చర్మం పొడిబారి, నల్లమచ్చల మధ్య తెల్లమచ్చలు కూడా ఉండవచ్చు. సుమారు సగం మంది కొద్దిపాటి ఎండకే బొబ్బలెక్కుతారు, ఆ ఎరుపు రోజుల తరబడి తగ్గదు. మిగతావారికి చర్మం అంతగా కమలదు, చుక్కలు మాత్రమే వస్తాయి. నా ఉద్దేశంలో గుర్తించడం ఆలస్యమయ్యేది వీరి విషయంలోనే.

తర్వాత: కళ్లు, నాలుక, చెవులు

వెలుతురుకు కళ్లు మూసుకోవడం, తరచూ ఎర్రబడటం, నల్లగుడ్డు మసకబారడం గమనించండి. నాలుక కొన మీద కూడా కణితి రావచ్చు. దాదాపు నలుగురిలో ఒకరికి నరాల సమస్యలుంటాయి: వినికిడి తగ్గడం, నడక తడబడటం, చదువులో వెనకబడటం.

బంధుత్వం దాచకండి

మేనరికమైతే డాక్టరుకు చెప్పండి. లోపమున్న జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ వస్తేనే బిడ్డకు జబ్బు వస్తుంది. వాళ్లిద్దరూ ఆరోగ్యంగానే ఉంటారు కాబట్టి ‘మా వంశంలో ఎవరికీ లేదు’ అన్న మాట ఇక్కడ చెల్లదు. ప్రతి కాన్పులోనూ 25 శాతం అవకాశం ఉంటుంది. తల్లి గర్భంతో ఉండగా గ్రహణం చూసిందన్న నింద వేయకండి.

రిపోర్టు కోసం ఆగకండి

అనుమానం వచ్చిన రోజే ఎండ ఆపండి. నిండు చేతుల బట్టలు, అంచు వెడల్పైన టోపీ, యూవీ కళ్లద్దాలు, సన్‌స్క్రీన్ కావాలి. మబ్బు పట్టినా సడలించకూడదు. ఎండలోని యూవీ కిరణాల్లో కిటికీ అద్దం యూవీబీ రకాన్ని చాలావరకు ఆపినా యూవీఏ రకాన్ని లోపలికి రానిస్తుంది. ఇంటికీ కారుకూ యూవీ ఫిల్మ్ అతికించాలి. ట్యూబులైటు, హాలోజెన్ బదులు ఎల్‌ఈడీ వాడండి. ఆటలు పొద్దుగూకాక ఆడించవచ్చు. ఎండ తగలదు కాబట్టి విటమిన్ డి గురించి డాక్టరును అడగండి. బిడ్డ దగ్గర పొగ తాగకండి.

డాక్టరు దగ్గర

చర్మవైద్యుణ్ణి, కంటివైద్యుణ్ణి ఇద్దరినీ కలవాలి. నిర్ధారణ జన్యుపరీక్షతో జరుగుతుంది. హైదరాబాద్ నిమ్స్‌లో వైద్య జన్యుశాస్త్ర విభాగం ఉంది. లోపం ఏ జన్యువులో ఉందో తేలితే తర్వాతి గర్భంలో తొలి నెలల్లోనే పరీక్ష చేయించుకోవచ్చు. చర్మాన్ని సుమారు మూడు నెలలకోసారి డాక్టరుకు చూపించాలి. మధ్యలో మానని పుండు, కొత్త గడ్డ, రంగు మారిన మచ్చ కనిపిస్తే ఫోనులో ఫొటో తీసి వెంటనే వెళ్లండి. తోబుట్టువులకు మచ్చలేమీ లేకపోయినా, వాళ్లనూ ఒకసారి పరీక్ష చేయించండి.