ఎమ్డెన్ రాత్రికి మద్రాసు తీరం కట్టుకోవడం

మా ఇంట్లో మాట పడనివ్వని గడుసు పిల్లవాణ్ణి ‘వీడొక ఎమ్డెన్‌రా’ అనేవారు. అది జర్మన్ యుద్ధనౌక పేరని నాకు హైస్కూలుకొచ్చాక గానీ తెలియలేదు. 1914 సెప్టెంబర్ 22 రాత్రి ఆ ఓడ మద్రాసు ఎదురుగా ఆగి, అరగంటలో నూట పాతిక పైచిలుకు గుళ్లు కురిపించి, బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకులు తగలబెట్టి, చీకట్లో కలిసిపోయింది. అప్పటికి మా తాతగారికి ఎనిమిదేళ్లు. ఇంటికి తాళం వేసి బండెక్కి ఊరొదిలిన జనంలో మావాళ్లూ ఉన్నారట. కాబట్టి బల్లమీద బొమ్మ ఓడలతో ఆడే నౌకాయుద్ధాల ఆటకు నేను కట్టిన మొదటి తీరం మరే ఊరిదో అయ్యే అవకాశమే లేదు.

ముందు స్కేలు తేల్చుకోండి. నేను 1:2400 తీసుకున్నాను, అంటే అసలు 2,400 మీటర్లు బల్లమీద ఒక మీటరు. ఎమ్డెన్ పొడవు 118 మీటర్లు, అంటే బల్లమీద దాదాపు 5 సెంటీమీటర్లు. అది కాల్చింది సుమారు 3,000 గజాల దూరం నుంచి. అది 114 సెంటీమీటర్లు. నాలుగడుగుల సముద్రంలో సరిగ్గా పడుతుంది. 1:1200 అయితే ఓడ అందంగానే ఉంటుంది, కానీ గది చాలదు. సముద్రానికి 2×4 అడుగుల పలకలు రెండు, తీరానికి 1×4 అడుగుల పలక ఒకటి చాలు. అన్నీ 6 ఎంఎం ఎండీఎఫ్, అంటే చెక్కపీచును అదిమి చేసిన పలక.

ఎండీఎఫ్‌కు రెండు వైపులా ప్రైమర్ కొట్టాలి. నేను ఒకవైపే కొట్టి ఊరుకున్నాను. ఐప్పశి (అక్టోబర్-నవంబర్ల తమిళ నెల) వానల్లో అది అప్పడంలా వంగింది. చెన్నై గాలిలో తేమ ఎంతుంటుందో నాకు కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు, అయినా బద్ధకం. దానికంటే ముందు థర్మోకోల్ మీద చేసిన ప్రయోగం మరీ ఘోరం. స్ప్రే డబ్బాలోని థిన్నర్ తగలగానే అట్టు మీద చిల్లుల్లా సముద్రమంతా బుడగలు లేచి కరిగిపోయింది. థర్మోకోల్ వాడే తీరాలనుకుంటే నీళ్లలో కలిసే రంగు కుంచెతో వేయండి, స్ప్రే జోలికి పోవద్దు.

సామానుకు నేను షావుకారుపేట వైపు వెళతాను. నవరాత్రికి ముందు అక్కడ కొలువు పార్కుల కోసం చిన్న చెట్లు, పచ్చపొడి, సన్‌బోర్డ్ అనే తేలికపాటి ప్లాస్టిక్ నురగ అట్ట, అన్నీ దొరుకుతాయి. కొట్టాయన నన్ను చూడగానే తెలుగులోనే అడుగుతాడు: “ఏం సార్, ఈసారి కొలువులో హార్బరా?” ఔనంటాను. యుద్ధమని చెబితే ఇంకో గంట పడుతుంది.

ఇప్పుడు నేల. ఇక్కడే అందరి చెయ్యీ జారుతుంది, నాదీ జారింది. తీరం అనగానే గుట్టలు కట్టాలనిపిస్తుంది. మద్రాసు బల్లపరుపు ఊరు. 3 ఎంఎం సన్‌బోర్డ్ ఒక్క పొర వేస్తే ఆ స్కేలులో 7 మీటర్లు, అదే ఎక్కువ. పొర మీద పొర వేశారో, అది విశాఖపట్నమవుతుంది. సముద్రం వైపు అంచును ఉప్పుకాగితంతో బాగా వాలుగా అరగదీయండి, వేలితో తడిమితే మెట్టు తగలకూడదు. మూడంతస్తుల మిద్దె 5 మిల్లీమీటర్లే. జార్జ్ టౌన్ వీధుల కోసం 5 మిల్లీమీటర్ల ఎత్తున సన్‌బోర్డ్ పట్టీలు కోసి, బ్లేడుతో గాట్లు పెట్టి ఇళ్ల వరసలు చేశాను. కిటికీలు గీయాలని కూర్చోకండి, ఎవరికీ కనబడవు. హైకోర్టు ఒక్కటే తలెత్తి నిలబడాలి. అప్పట్లో లైట్‌హౌస్ దీపం దాని గుమ్మటం మీదే ఉండేది. గుండుసూదికి పూస గుచ్చి మొత్తం 22 మిల్లీమీటర్లు వచ్చేలా నిలిపి, ఇటుక ఎరుపు వేశాను.

ఈనాటి ఉపగ్రహ పటం చూసి గీయకండి. నేను గీశాను, తీరా చూస్తే భారతి డాక్ కూడా వచ్చేసింది, అది 1970ల నాటిది. పాత పటంలో హార్బరు చిన్న పెట్టెలా ఉంటుంది. ఇసుక కూడా గమనించండి. హార్బరు గోడలు కట్టాక ఉత్తరానికి కొట్టుకుపోయే ఇసుక దక్షిణాన పేరుకుని మెరీనా వెడల్పైంది, ఉత్తరాన రాయపురం వైపు తీరం కోసుకుపోయింది. బల్లమీద కూడా కుడిచేతి ఇసుకా ఎడమచేతి ఇసుకా ఒకేలా ఉంటే అది మద్రాసు కాదు. ఇసుకకు నేను మొదట బొంబాయి రవ్వ వాడాను. రంగు బాగా పట్టింది, చీమలూ బాగా పట్టాయి. జల్లెడ పట్టిన అసలు ఇసుకే మేలు.

చమురు ట్యాంకులకు ఆఫీసు పంచ్ మిషను చాలు. అది కొట్టే బిళ్ల 6 మిల్లీమీటర్లు, అంటే సుమారు 14 మీటర్ల ట్యాంకు. ఒక ఎంఎం అట్టలోంచి నాలుగేసి బిళ్లలు కొట్టి, ఒకదాని మీద ఒకటి ఫెవికాల్‌తో అంటించి, లేత బూడిదరంగు వేయండి. మంటకు దీపావళికి అమ్మే బ్యాటరీ ప్రమిద కొని, లోపలి మినుకుమినుకు బల్బు పీకి, పలకకు చిల్లు పెట్టి కింది నుంచి దూర్చండి. పైన దూదిని సాగదీసి, మొదలు దగ్గర నారింజ, ఆ పైన నలుపు పొడిపొడిగా అద్దాలి. దూదిని రంగులో ముంచితే తడిసిన పిల్లిలా ముడుచుకుపోతుంది.

అసలు పని సముద్రం. రెండు పాళ్ల ఫెవికాల్‌కు ఒక పాలు నీళ్లు కలిపి పలకకు పూసి, మొహం తుడుచుకునే టిష్యూను విడదీసి ఒక్క పొరే పరచండి. తడి కుంచె మొనతో పొడుస్తూ పోతే సన్నటి ముడతలు వస్తాయి. ఈ స్కేలులో రెండు మీటర్ల అల మిల్లీమీటరు కూడా ఉండదు. ముడత వేలికి గట్టిగా తగిలితే అది సునామీ. ముడతలన్నీ ఒకే దిక్కుకు, ఒడ్డుకు సమాంతరంగా సాగాలి. ఆరడానికి వేసవిలో ఒక రోజు, వానల్లో రెండు రోజులు. తొందరపడి రంగు వేస్తే టిష్యూ కుంచెతోపాటే లేచొస్తుంది.

రంగుకు ప్రష్యన్ బ్లూలో కాస్త నలుపు, కాస్త బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమరంగు) కలపండి. నీలం సీసా తెరిచి అలాగే పూస్తే ఈతకొలను అవుతుంది. ఒడ్డుకు నాలుగు వేళ్ల దూరం నుంచి పచ్చదనం, చివర మట్టిరంగు రావాలి. నమ్మకం లేకపోతే ఒక పొద్దున మెరీనాలో నిలబడి చూడండి. తరవాత లేత బూడిద నీలంలో కుంచె ముంచి, కాగితం మీద దాదాపు ఏమీ అంటనంతవరకు తుడిచేసి, ముడతల మీద తేలిగ్గా రాయండి. ఒడ్డున నురగకు పుల్లతో మూడు తెల్ల గీతలు, అక్కడక్కడా తెగిపోతూ. హార్బరు లేని రోజుల్లో ఓడల నుంచి మనుషుల్ని దింపడానికి కుట్టుపడవలు, అవే మసూలా పడవలు, దాటాల్సింది ఆ నురగనే, అందుకే ఆ గీతలకు నేను ఎక్కువసేపు కూర్చుంటాను. చివరగా మెరిసే వార్నిష్ రెండు పూతలు, నీళ్లకు మాత్రమే. నేల మెరిసిందంటే ప్లాస్టిక్ అని తెలిసిపోతుంది.

కలిపిన సముద్రపు రంగును ఖాళీ మందు సీసాలో దాచండి. ఓడల అడుగు పలకలకూ అదే రంగు వేయాలి, మళ్లీ కలిపితే ఎప్పటికీ కుదరదు. నా ఎమ్డెన్ ఒక వారం పాటు వేరే సముద్రంలో తేలింది.

గుళ్లు నీళ్లలో పడ్డ చోట ఎగసే నీటి చిమ్ములుగా నిలపడానికి సన్న తీగకు గ్లూ గన్‌తో కారుతున్నట్టు జిగురు పట్టించి తెల్లరంగు వేశాను. నూట పాతిక అక్కర్లేదు, డజను చేసి తీసి పెట్టుకుంటూ వాడితే సరి. ఆట అయ్యాక పలకలు పాత పంచెలో చుట్టి బీరువా మీద నిలువుగా కాక పడుకోబెట్టండి. మా ఆవిడ మాత్రం “ఏమండీ, ఆ ఇసుక పలక ఒకటి కొలువుకు ఇవ్వండి, ట్యాంకులు తీసేసి” అంటోంది. ట్యాంకులు గట్టిగా అంటించాను, రావు.