ఫ్రిక్షన్ లివరుతో గేరు సాధన – మూడవ పాఠం: చెవితో కుదుర్చుకోవడం

గత పాఠంలో సైకిల్ గేరు మార్చే ఫ్రిక్షన్ లివరును ఫ్రేముకు బిగించి, చైనును ఒక పళ్ళ చక్రం నుండి మరొకదానికి జరిపే వెనుక డిరైలర్‌కు ఉన్న రెండు హద్దు స్క్రూలను (డిరైలర్ ఎంతవరకు జరగవచ్చో నిలిపేవి) సరిచేసుకున్నాం. ఆ పని మిగిలి ఉన్నవారు ముందు దానిని ముగించి ఈ పాఠానికి రావాలని గట్టిగా కోరుతున్నాను. ఎక్కడ ఆగాలో ఈ లివరుకు తెలియదు కాబట్టి, చైను స్పోకుల్లోకి పడకుండా కాపాడేవి ఆ స్క్రూలే.

1984లో జపాన్ సైకిల్ విడిభాగాల సంస్థ షిమానో, ఒక్కో గేరు దగ్గర టక్కున ఆగే క్లిక్కు గేర్లను తెచ్చిన తరువాత, ఒక్కో గేరుకు ఎంత వైరు లాగాలన్న లెక్క లివరు లోపలికి వెళ్ళిపోయింది. అందువల్ల లివరు, డిరైలర్, క్యాసెట్ (వెనుక చక్రానికి ఉండే పళ్ళ చక్రాల గుత్తి) మూడూ ఒకదానికొకటి సరిపడేవై ఉండాల్సి వచ్చింది. ఫ్రిక్షన్ లివరులో ఆ లెక్క ఏదీ లేదు. వాషర్ల పట్టు మాత్రమే ఉంటుంది, చేయి వదిలిన చోట వైరును నిలిపి ఉంచుతుంది. ఈ కారణం చేతనే పాత లివరు కొత్త క్యాసెట్‌తోనూ పనిచేస్తుంది.

క్యాసెట్‌లో పళ్ళ చక్రాలు ఎక్కువైతే లివరును ఎక్కువ తిప్పాలేమో అన్న సందేహం చాలామందికి ఉంటుంది. షిమానో క్యాసెట్లలో పక్కపక్క చక్రాల మధ్య దూరం 8 గేర్లలో 4.8 మి.మీ., 9లో 4.35, 10లో 3.95. మొదటి చక్రం నుండి చివరి చక్రం వరకు కొలిస్తే 8 గేర్లకు 33.6 మి.మీ., 10 గేర్లకు సుమారు 35.5 మి.మీ. వస్తుంది. లివరు తిరిగే మేర దాదాపు మారలేదు, అడుగులే చిన్నవయ్యాయి. డిరైలర్ రకాన్ని మాత్రం తప్పక చూసుకోవాలి. కొన్ని మౌంటెన్ సైకిళ్ళ డిరైలర్లు అదే దూరం జరగడానికి చాలా ఎక్కువ వైరు కోరుతాయి; అటువంటిదైతే లివరు చివరికంటా తిప్పినా చైను పెద్ద చక్రాన్ని అందుకోదు.

ఇక సాధన. చప్పుడు వినబడాలి కాబట్టి వాహనాలు తక్కువగా తిరిగే వేళ, ఉదాహరణకు తెల్లవారుజామున ఖిలా వరంగల్‌లో మట్టికోట లోపలి దారులను ఎంచుకోండి. పెడల్ తేలికగా తొక్కుతూ లివరును మెల్లగా లాగండి. చైను పక్క చక్రం అంచును రాసుకుంటూ గరగరమంటుంది, తరువాత టక్కున ఎక్కుతుంది. నిజమైన పని అక్కడే మొదలవుతుంది. షిమానో 1989లో తెచ్చిన హైపర్‌గ్లైడ్ తరహా చక్రాలకు పక్కన చెక్కిన వాలులు ఉంటాయి. డిరైలర్ ఇంకా పూర్తిగా చేరుకోకముందే అవి చైనును పైకి లాగేస్తాయి. గేరు పడిందని మీరు చేయి తీసేస్తే సన్నని గరగర మిగిలిపోతుంది. అప్పుడు లివరును వెంట్రుకవాసి అదే దిశలో జరపండి. చప్పుడు తగ్గితే ఆపండి, పెరిగితే వెనక్కి తీయండి. చైను పూర్తిగా నిశ్శబ్దమైన చోట గైడు పుల్లీ (డిరైలర్‌లో చైనును నడిపే పై చిన్న చక్రం), పళ్ళ చక్రం ఒకే గీతలో ఉంటాయి. సైకిల్‌ను స్టాండు మీద నిలిపి వెనుక నుండి చూస్తే ఇది స్పష్టంగా కనిపిస్తుంది.

పాతకాలపు వాలులేని చక్రాలకు అలవాటుపడిన పెద్దలు లివరును కొంత ఎక్కువ లాగి, మళ్ళీ వెనక్కి తెస్తారు. ఆ చక్రాలకు అది సరైన పద్ధతే. 10 గేర్ల క్యాసెట్ మీద అలా చేస్తే చైను ఒకేసారి రెండు చక్రాలు దాటుతుంది.

ఒకసారి కాజీపేట వంతెన ఎక్కుతూ నేను సీటు మీద నుండి లేచి తొక్కినప్పుడు, చైను తనంతట తాను చిన్న చక్రానికి జారి, పాదం పెడల్ తప్పింది. లివరు స్క్రూ వదులై, డిరైలర్ స్ప్రింగు వైరును లాగేసుకోవడమే దానికి కారణం. బండి ఎక్కే ముందు ఆ స్క్రూను వేళ్ళతో పరీక్షించండి. లివరు కదలడానికి కొంచెం బలం పట్టాలి, బొటనవేలు నొప్పి పుట్టేంత బిగువు అక్కరలేదు.

వైరు తొడుగు గురించి ఒక హెచ్చరిక. గేర్ల కోసం తయారైన, పొడవునా తీగలు పేర్చిన తొడుగు వాడితే లివరు స్పర్శ బాగా తెలుస్తుంది. దానిని బ్రేకులకు ఎప్పుడూ వాడకూడదు. గట్టిగా బ్రేకు నొక్కినప్పుడు అది పగిలిపోయే ప్రమాదం ఉంది.

వచ్చే పాఠం వరకు రోజుకు పావుగంట చొప్పున, వెనుక చక్రం వైపు చూడకుండా చిన్న పళ్ళ చక్రం నుండి పెద్ద పళ్ళ చక్రానికీ, తిరిగి చిన్నదానికీ వెళ్ళి రండి. ముందు వైపు డిరైలర్‌ను నాలుగవ పాఠంలో చూద్దాం.