షాపు వెబ్‌సైట్‌లో తెలుగు వ్యాసాలు ఎవరికీ కనిపించడం లేదా? ముందు ఒక లైను కాపీ చేసి చూడండి

హైదరాబాద్‌లోనే చూడండి: వనస్థలిపురంలో పచ్చళ్ల షాపు, కూకట్‌పల్లిలో వాటర్ ఫిల్టర్ సర్వీసు, మల్కాజిగిరిలో టైలరింగ్. వ్యాపారం ఏదైనా ఫిర్యాదు ఒకటే: "వెబ్‌సైట్‌లో ఓపిగ్గా రాస్తున్నాం. గూగుల్‌లో వెతికితే రావు, ఫోనూ మోగదు." ఆ తర్వాత చేసే పనులూ ఒకటే. డిజైన్ మార్పిస్తారు, గూగుల్‌లో పైకి తెస్తామనే ఎస్ఈఓ వాళ్లకు డబ్బు కడతారు, ప్రతి పేరాలో ఏరియా పేరు ఇరికిస్తారు. నిమిషం పట్టే పరీక్ష మాత్రం చేయరు.

మీ వ్యాసాన్ని ఫోన్‌లో తెరవండి. మధ్యలో ఏదో ఒక వాక్యం మీద వేలు నొక్కిపట్టి కాపీ చేసి, వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోండి. అదే తెలుగు వాక్యం వచ్చిందా? అయితే కింద రెండో సమస్య దగ్గరికి వెళ్లండి. వాక్యం సెలెక్ట్ కాకుండా అంతా ఒక బొమ్మలా ఉందా? లేదా ఇంగ్లిష్ అక్షరాలు, డాలర్ గుర్తులు, అర్థంకాని గీతలు వచ్చాయా? ఇక వేరే ఏదీ ముట్టుకోకండి, మొదటి సమస్య మీదే.

1. కంటికి తెలుగే, కాపీ చేస్తే కాదు

మన దగ్గర పాంప్లెట్, ఫ్లెక్స్, పెళ్లికార్డు ఏది కొట్టించినా డీటీపీ సెంటర్లలో మ్యాటర్ కంపోజ్ చేసేది ఎక్కువగా అను ఫాంట్లలో. అక్కడ కంప్యూటర్ దాచుకునేవి తెలుగు అక్షరాలు కావు. ఇంగ్లిష్ అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన సంకేతాల మీద తెలుగు ఆకారాలు కూర్చారు. ఫాంటు ఉన్నంతసేపు 'గోంగూర' అని కనిపిస్తుంది, ఫాంటు లేకపోతే పిచ్చి గుర్తులు మిగులుతాయి. ప్రింటింగ్‌కి దీనితో ఇబ్బందేమీ లేదు, కాగితం మీద పడేది ఆకారమే కదా. గూగుల్ చదివేది మాత్రం ఆకారాల్ని కాదు, సంకేతాల్ని. తెలుగుకు సొంత సంకేతాలు యూనికోడ్‌లో, అంటే అన్ని భాషల అక్షరాలకూ ఉమ్మడిగా ఉన్న సంకేతాల పట్టికలో, 1991 నాటి మొదటి వెర్షన్ నుంచే ఉన్నాయి. కానీ డీటీపీ వాళ్ల చేయి తిరిగిన కంపోజింగ్ సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ 2001లో 7.0 వెర్షన్‌తో ఆగిపోయింది. దానికి యూనికోడ్ రాదు. అందుకే పాత పద్ధతి మ్యాటర్ ఇంకా చేతులు మారుతూనే ఉంది.

అది మీ సైట్‌లోకి మూడు దారుల్లో వస్తుంది. పాంప్లెట్‌నే బొమ్మగా పెట్టేయడం ఒకటి. పీడీఎఫ్ ఎక్కించడం రెండు. మూడోది అరుదు గానీ పట్టుకోవడం కష్టం: డిజైనర్ ఆ ఫాంటునే సైట్‌కి తగిలిస్తాడు, పేజీ చక్కటి తెలుగులో కనిపిస్తుంది, లోపల ఒక్క తెలుగు అక్షరం ఉండదు.

ఇది ఎవరికీ ఎందుకు దొరకదంటే, ఎవరి కంటికీ తప్పు కనిపించదు. కంపోజ్ చేసినవాళ్లకు ప్రూఫ్ బాగుంది. డిజైనర్‌కి పేజీ బాగుంది. ఓనర్ చదువుకుంటే అక్షరం పొల్లుపోలేదు. ఒక పచ్చళ్ల షాపు వాళ్ల సైట్ చూశాను. రాత నిజంగా బాగుంది. ఆవకాయ ముక్కకు టెంక ఎందుకుండాలో, ఏ కారం వాడతారో, అమెరికా వెళ్లేవాళ్లకు నూనె కారకుండా ఎలా ప్యాక్ చేస్తారో అన్నీ వివరంగా రాశారు. అన్నీ పీడీఎఫ్‌లే. గూగుల్‌కి అందులో అర్థమైనవి ఇంగ్లిష్‌లో ఉన్న షాపు పేరు, ఫోన్ నంబరు. సలహా అడిగిన ప్రతిచోటా "కంటెంట్ మార్చండి" అన్నారట. అవి రాసిన షాపు ఓనరమ్మ ఇక రాయడమే మానేద్దామనుకుంటున్నారు. అంత బాగా రాసే మనిషి ఫాంటు వల్ల కలం పక్కన పెట్టడం నాకు చాలా బాధనిపించే విషయం. పాతబస్తీలో ఉర్దూలో రాసుకునే షాపులకూ ఇదే గండం ఉంది, ఉర్దూ కంపోజ్ చేసే ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్ పాత ఫైళ్లు కూడా ఇలాంటివే.

పరిష్కారం: డీటీపీ సెంటర్‌ని పీడీఎఫ్ అడగకండి, "మ్యాటర్‌ని యూనికోడ్‌లోకి మార్చి టెక్స్ట్‌గా పంపండి" అని అడగండి. మార్చే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, వాళ్లకు తెలుసు. వచ్చినదాన్ని నేరుగా సైట్‌లో పెట్టకండి. మార్పిడిలో వత్తులు, దీర్ఘాలు అక్కడక్కడ చెదురుతాయి. ధరలు, బ్రాకెట్లు, అడ్డగీతలు ఇంకా జాగ్రత్తగా చూడండి, పాత ఫాంట్లలో కొన్ని గుర్తుల చోట తెలుగు ఆకారాలు కూర్చుని ఉంటాయి. కిలో ధర తప్పు పడితే కౌంటర్ దగ్గర గొడవ మీకే.

పాంప్లెట్ తప్ప అసలు ఫైలు దొరకకపోతే, బొమ్మను గూగుల్ డ్రైవ్‌లో పెట్టి గూగుల్ డాక్స్‌తో తెరవండి. అందులోని తెలుగును అక్షరాలుగా తీసిస్తుంది, మీరు తప్పులు దిద్దుకుంటే చాలు. చిన్న వ్యాసమైతే ఇదీ అక్కర్లేదు. ఫోన్‌లో గూగుల్ కీబోర్డు జీబోర్డ్‌కి తెలుగు పెట్టుకుని మైకు నొక్కి చెప్పండి. విండోస్ 10లో 2019 నుంచి తెలుగు ఫొనెటిక్ కీబోర్డు కూడా ఉంది.

"యూనికోడ్ ఫాంట్లు అందంగా ఉండవు" అని డిజైనర్ అంటే నమ్మకండి. రామభద్ర, మండలి, సురన్న, ఎన్టీఆర్ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. హెడ్డింగ్‌కి రామభద్ర పెడితే ఫ్లెక్స్ మీదున్నంత నిండుగా ఉంటుంది.

ఇంకో మెలిక. మ్యాటర్ అంతా యూనికోడే, అయినా కొన్ని మాటలు వెతికితే దొరకవు. సున్న చోట ఇంగ్లిష్ 'ఓ' అక్షరమో, అంకె సున్నానో కొట్టి ఉంటారు. చూడటానికి ఒకటే. పేజీలో వెతికే పెట్టెలో 'గోంగూర' అని సరిగ్గా కొట్టండి. కళ్లెదురుగా ఉన్న మాట దొరకలేదంటే కారణం ఇదే అయ్యుండొచ్చు.

2. తెలుగు సరిగ్గానే ఉంది, గూగుల్‌లో ఒక్క పేజీ కూడా లేదు

గూగుల్‌లో ఇంగ్లిష్‌లో 'సైట్' అని కొట్టి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా మీ వెబ్ చిరునామా ఇవ్వండి. ఏమీ రాకపోతే, వర్డ్‌ప్రెస్ వాడేవాళ్లు సెట్టింగ్స్‌లో రీడింగ్ తెరవండి. సెర్చ్ ఇంజన్లను రావద్దని చెప్పే గడిలో టిక్ ఉంటుంది. సైట్ కట్టేటప్పుడు పెట్టి, తీయడం మర్చిపోతారు. తీసేసి, సైట్ ఓనర్ల కోసం గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో ఒక్కో పేజీకి ఇండెక్సింగ్ (గూగుల్ జాబితాలో చేర్చుకోవడం) కోరండి. అది ఉచితమే, రోజుల నుంచి వారాల దాకా పట్టొచ్చు.

3. చదువుతున్నారు, మన ఏరియా వాళ్లు మాత్రం కాదు

చాలా సైట్లలో అడ్రసు జీఎస్టీ సర్టిఫికెట్ నుంచి తెచ్చి అతికించినట్టు ఉంటుంది: ఇంటి నంబరు, గ్రామం, శేరిలింగంపల్లి మండలం. మియాపూర్‌లో ఉన్నవాళ్లు 'శేరిలింగంపల్లి మండలంలో పచ్చళ్లు' అని వెతకరు. కుషాయిగూడ షాపుకి వచ్చేవాళ్లు ఈసీఐఎల్ అంటారు. కూకట్‌పల్లి కన్నా కేపీహెచ్‌బీ నోటికి ముందొస్తుంది. అత్తాపూర్‌లో పీవీ ఎక్స్‌ప్రెస్‌వే పిల్లర్ నంబరు చెప్తే తప్ప ఆటో ఆగదు. మీకు ఫోన్ చేసి "ఎక్కడండీ" అన్నవాళ్లకు ఏం చెప్తారో అదే వ్యాసంలో రాయండి. ఏరియా పేరునూ సరుకు పేరునూ ఇంగ్లిష్ లిపిలో కూడా ఒకసారి ఇవ్వండి, తెలుగు మాటనే ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి వెతికేవాళ్లు ఈ ఊళ్లో చాలామంది.

4. మన ఏరియా వాళ్లే చదువుతున్నారు, ఫోన్ రాదు

'ఆవకాయ వల్ల ఆరోగ్య ప్రయోజనాలు' లాంటివి రాసి ఉంటారు. అది చదివినవాళ్లకు మీ షాపుతో పని పడదు. కౌంటర్ దగ్గర ఒక నోట్‌బుక్ పెట్టి, కస్టమర్ అడిగిన ప్రశ్నను అడిగిన మాటల్లోనే రాసిపెట్టుకోండి. "అల్లం పచ్చడి ఫ్రిజ్ బయట ఎన్నాళ్లుంటుంది?" "అరకిలో ఇస్తారా?" "వెల్లుల్లి లేకుండా చేస్తారా?" ఒక్కో ప్రశ్నకు ఒక్కో వ్యాసం. జవాబు మొదటి రెండు లైన్లలోనే రావాలి, కథ తర్వాత. మీరు చేయనిది కూడా చెప్పండి. వెల్లుల్లి లేకుండా చేయకపోతే చేయమనే రాయండి, అడగడానికి అంతదూరం వచ్చి వెనక్కి వెళ్లే పని తప్పుతుంది.

'ధరకు కాల్ చేయండి' అని పెట్టకండి. ధర రాసి, పక్కన ఏ నెల ధరో రాయండి. పండగ శుభాకాంక్షల పోస్టర్లు వాట్సాప్ స్టేటస్‌కి సరిపోతాయి, వాటిని వ్యాసాల మధ్య పేర్చకండి.

మిగతావి

హ్యాకింగ్, గూగుల్ శిక్ష, సర్వర్ నెమ్మది: చిన్న షాపు సైట్లలో ఇవి అరుదు. గూగుల్ శిక్ష వేసి ఉంటే సెర్చ్ కన్సోల్‌లో మాన్యువల్ యాక్షన్స్ అనే చోట రాసి ఉంటుంది. అక్కడ ఏమీ లేకపోతే ఆ అనుమానం వదిలేయండి. సైటే తెరుచుకోకపోతే డొమైన్ (మీ వెబ్ చిరునామా) గడువు తీరిందేమో చూడండి. అది డిజైనర్ పేరు మీద ఉంటే ఈరోజే మీ పేరుకి మార్పించుకోండి.