ఊరుమ్మడి కూరగాయల తోట: ఎరువు గుంత నుంచి పంపకం దాకా వచ్చే సమస్యలు, పరిష్కారాలు

మా ఊళ్ళో బడి వెనక ఖాళీగా పడున్న 20 సెంట్ల స్థలంలో డ్వాక్రా సంఘం ఆడవాళ్ళు, మేం కొందరం కలిసి కూరగాయలు పండిస్తున్నాం. ఎరువంతా ఊరి తడి చెత్త, పేడ, రాలిన ఆకులే. మొదట్లో ఒక మొక్క వాడిపోతే చాలు, మందుల కొట్టుకు వెళ్ళేవాళ్ళం. తీరా చూస్తే చాలాసార్లు తప్పు మొక్కలో లేదు. గుంతలో ఏం వేశాం, కోసింది ఎలా పంచుకున్నాం అన్నచోటే ఉంది. అందుకే ఏ మందైనా కొనే ముందు కింద చెప్పినవి ఒకసారి చూసుకోండి.

గుంత కంపు కొడుతోంది, ఈగలు ముసురుతున్నాయి

ముందుగా సరిచేయాల్సింది ఇదే. కంపు వస్తే చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు ఊరుకోరు, గుంత పూడ్చమంటారు. అక్కడితో తోటే ఆగిపోతుంది.

కారణం: తడి ఎక్కువై లోపల గాలి ఆడకపోవడం. కూరగాయ తొక్కలు, అన్నం, పచ్చి పేడ ఒకదాని మీద ఒకటి పడితే అడుగున ముద్దయిపోయి కుళ్ళుతాయి.

పరిష్కారం: గుంతను పారతో పైకీ కిందికీ తిరగేయండి. ఒక బుట్ట తడి చెత్తకు రెండు బుట్టల ఎండుటాకులో, నరికిన వరిగడ్డో, వేరుశనగ పొట్టో కలపండి. ఆపైన ఒక వరుస పొడి, ఒక వరుస తడి, మధ్యలో పలచగా పేడనీళ్ళు. లోపలిది గుప్పెడు తీసి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా కారితే ఇంకా పొడి వేయాలి.

ఇక్కడే ఒక చిక్కుంది. వానాకాలంలో ఎండుటాకులు ఎక్కడ దొరుకుతాయి? మాఘ, ఫాల్గుణ మాసాల్లో వేప, రావి ఆకు రాల్చినప్పుడు మనమే ఊడ్చి తగలబెట్టేస్తున్నాం. ఆ ఆకును గోతాల్లో కూరి షెడ్డులో దాచండి. వానల్లో గుంతను కాపాడేది అదే.

ఇంట్లో మిగిలే గంజి, బియ్యం కడిగిన నీళ్ళు ఎప్పటిలాగే కుడితి తొట్టికి పోవాలి. పెళ్ళిలో మిగిలిన అన్నం మాత్రం గంపలకొద్దీ ఒకేసారి గేదెలకు పెట్టకండి. కడుపులో పులిసి ప్రాణం మీదికొస్తుంది. తినగలిగినంతవరకూ వేడివేడిగానే మనుషులకు పంచి, మిగిలింది ఎండుటాకుల మధ్య పలచగా పరిచి మట్టి కప్పండి. మాంసం, చేపల ముక్కలు వేస్తే కుక్కలు తోడేస్తాయి, వేయొద్దు.

మూడు నెలలైనా ఆకులు ఆకుల్లాగే ఉన్నాయి

తడి చాల్లేదు, లేదా కుప్ప మరీ చిన్నది. మూడడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు లేకపోతే లోపల వేడి పుట్టదు. పేడనీళ్ళు చల్లి, పదిహేను రోజులకోసారి తిరగేయండి. కొబ్బరి డొక్కలు, మామిడి టెంకలు విడిగా వేసుకోండి, వాటికి ఏడాది పైనే పడుతుంది.

ఎరువు వేశాక మొక్కలు పసుపెక్కాయి, కొన్ని వేళ్ళు కొరికినట్టు పడిపోయాయి

ఇది చూసి యూరియా వేసేవాళ్ళే ఎక్కువ. కానీ అసలు కారణం ఎరువు పూర్తిగా మాగకపోవడం. సగం కుళ్ళిన ఆకు, గడ్డి నేలలో కలిస్తే వాటిని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని ముందు తామే వాడేసుకుంటాయి. మొక్కకు మిగలదు. ఇక మాగని పేడతో చెదలు, వేరుపురుగు కూడా వస్తాయి. వేళ్ళు కొరికింది అవే.

పరిష్కారం: ఆ ఎరువును మొదళ్ళ నుంచి జానెడు దూరం లాగి పైన మాత్రమే ఉంచండి, మట్టిలో కలపొద్దు. ఈసారి నుంచి వేసే ముందు రెండు పరీక్షలు చేయండి. తడి ఎరువు గుప్పెడు కవర్లో గట్టిగా కట్టి మూడు రోజులు ఉంచండి. విప్పితే తొలకరి మట్టి వాసన వస్తే మాగినట్టే, ఘాటుగా ముక్కుకు కొడితే ఇంకా కాలేదు. రెండోది, ఒక డబ్బాలో ఉత్త మట్టి, ఇంకోదాంట్లో సగం మట్టి సగం ఎరువు పోసి మెంతులు చల్లండి. వారంలో ఎరువు డబ్బాలో మొలకలు తక్కువగా, పాలిపోయి వస్తే ఇంకో నెల ఆగాల్సిందే. ఖర్చు గుప్పెడు మెంతులు, పోయేది వారం. అది కూడా ఆగలేక మేం ఒక వంగ మడి పూర్తిగా పోగొట్టుకున్నాం.

జీవామృతం డ్రమ్ము కుళ్ళు వాసన వస్తోంది

జీవామృతం అంటే పేడ, ఆవు మూత్రం, బెల్లం కలిపి పులియబెట్టే ద్రవ ఎరువు. అది కుళ్ళిందంటే అవసరానికి మించి కలిపి ఎండలో వదిలేశారన్నమాట. ఎకరానికి 200 లీటర్లు అంటారు కాబట్టి 20 సెంట్లకు 40 లీటర్లు చాలు. అందుకు నీళ్ళలో 2 కిలోల పేడ, 2 లీటర్ల ఆవు మూత్రం, 400 గ్రాముల బెల్లం, 400 గ్రాముల శనగపిండి, గుప్పెడు గట్టు మట్టి. నీడలో గోనె కప్పి, రోజూ రెండుసార్లు కలియబెట్టి, 48 గంటల తర్వాత వారంలోపు వాడేయండి.

ఎరువు నిండా ప్లాస్టిక్ ముక్కలు

జల్లెడ పడితే పెద్దవే పోతాయి. పాల ప్యాకెట్ల మూలలు, షాంపూ ప్యాకెట్లు, పూలదండల దారాలు నేలలోనే ఉండిపోతాయి. దీనికి మందు ఇంటి గుమ్మం దగ్గరే: తడికి ఒక బకెట్, పొడికి ఒకటి. గాజుపెంకులు, ప్యాడ్లు కాగితంలో చుట్టి విడిగా ఇవ్వండి. ఆ బకెట్లో చెయ్యి పెట్టేది మన ఊరి మనిషే. తన చెయ్యి తెగకూడదు కదా.

ఒక వారం గంపలకొద్దీ కూరలు, తర్వాతి వారం ఏమీ లేవు

కారణం: అన్నీ ఒకే రోజు విత్తడం. తోటకూర, మెంతికూర 25, 30 రోజుల్లో కోతకొస్తాయి. మడిని మూడు భాగాలు చేసి పది రోజుల తేడాతో చల్లండి. బెండను రోజు విడిచి రోజు కోయాలి, ముదిరితే ఎవరూ తీసుకోరు.

మిగిలితే ఒరుగులు చేయడం మన పెద్దలకు బాగా తెలుసు. వంకాయ, గోరుచిక్కుడు ముక్కల్ని ఉప్పు నీళ్ళలో ఒక పొంగు రానిచ్చి, గలగలమనేదాకా ఎండబెట్టాలి. ఇంట్లో అమ్మమ్మలున్నవాళ్ళు వాళ్ళనే తోటకు పిలవండి, నేర్పడానికి వాళ్ళకూ ఇష్టం.

పంపకంలో గొడవలొస్తే, కోసే ముందే వరుస రాసి గోడకు అంటించండి: మొదట అంగన్‌వాడీ, బడి భోజనం, తర్వాత పనిచేసినవాళ్ళు, ఆపైన తడి చెత్త వేరు చేసి ఇచ్చిన ఇళ్ళు. చెత్త ఇచ్చినవాళ్ళకు ఒక కట్ట ఆకుకూర వెళ్ళడం మొదలయ్యాక మా బకెట్లలో ప్లాస్టిక్ బాగా తగ్గింది.

వేసవిలో మొక్కలు మాడిపోతున్నాయి

బడికి సెలవులిస్తే నీళ్ళు పోసే చేతులు తగ్గిపోతాయి. "అందరం పోద్దాం" అనుకుంటే ఎవరూ పోయరు. ఒక్కో మడికి ఇద్దరి పేర్లు రాయండి, ఒకరు ఊరెళ్తే ఇంకొకరు ఉంటారు. మొదళ్ళలో మూడు అంగుళాల మందాన వరిగడ్డి పరిస్తే తడి త్వరగా ఆరదు. బోరింగు దగ్గర వృథాగా పోయే నీళ్ళకు చిన్న కాలువ తీసి అరటి, చామ వేయండి. మా బోరింగు పక్కనున్న అరటి ఈ ఎండల్లోనూ గెల వేసింది.