ఫ్రెంచి పక్షి పేరు పుట్టుక తెలుసుకునే పద్ధతి

పాలమూరు, నల్లగొండ మెట్ట చేలలో పల్లీ తీసిన నేలమీద, తలపై జుట్టును విసనకర్రలా విప్పుతూ, సన్నని వంకర ముక్కుతో పురుగులను ఏరుకునే పక్షిని వడ్రంగి పిట్ట అనుకునేవారు ఎందరో ఉన్నారు. అది కూకుడుగువ్వ, దాని ఫ్రెంచి పేరు ‘యుప్’. ఈ ఒక్క పేరును పరిశీలించే క్రమం తెలిస్తే మిగిలిన పేర్లకూ దారి దొరుకుతుంది.

మొదట శాస్త్రీయనామంతో పక్షిని ఖాయం చేసుకోవాలి. స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1758లో దీనికి పెట్టిన పేరు ‘ఉపుపా ఎపాప్స్’. ఆ రెండు మాటలూ, ఒకటి లాటిన్‌లో, ఇంకొకటి గ్రీకులో, ఈ పక్షి పేర్లే. ఫ్రెంచిలో వడ్రంగి పిట్ట ‘పిక్’ కనుక, ఇక్కడ పొరబడితే తరువాతి శ్రమంతా వృథా. ఆపైన పూర్తి పేరును విడదీయాలి: ‘యుప్ ఫాసియే’లో రెండవ మాట రెక్కల మీది నలుపు తెలుపు పట్టీలను తెలిపే విశేషణం మాత్రమే, వెతకవలసింది నామవాచకం మూలాన్ని.

అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. నేటి ఫ్రెంచిలో ‘యుప్’ అంటే పక్షి తలమీది జుట్టు అని కూడా అర్థం ఉంది కాబట్టి, జుట్టును బట్టి పక్షికి ఆ పేరు వచ్చిందనుకోవడం సులభం. నిజానికి జరిగింది తలకిందులు: పక్షి కూతను అనుకరించిన లాటిన్ మాట ‘ఉపుప’ ఫ్రెంచిలో ‘యుప్’ అయింది, ఆ తరువాతే అది జుట్టుకు పేరైంది. అందుకే రూపం చూసి తీర్పు చెప్పకముందు, పక్షి గుడ్లు పెట్టే కాలంలో చేను గట్టున నిలబడి ‘హుప్, హుప్, హుప్’ అనే మెత్తని కూతను విని తీరాలి. పదహారు సంపుటాల ‘ట్రెజోర్ ద లా లాంగ్ ఫ్రాంసేజ్’ నిఘంటువు అంతర్జాలంలో ఉచితంగా దొరుకుతుంది. అందులో ప్రతి మాట వివరణ చివర ఉండే వ్యుత్పత్తి (మాట పుట్టుక) భాగాన్ని తప్పక చదవాలి.

తరువాత ఆ మాట వేసిన పిలకలను చూడాలి. ‘యుపే’ అంటే జుట్టున్నది. వాడుకలో కలిగినవాళ్లు, పెద్దింటివాళ్లు అని కూడా. ‘ద్యుప్’ అంటే మోసపోయినవాడు. ‘ద’ అనే విభక్తి ప్రత్యయం పక్షి పేరుకు అతుక్కుని ఈ మాట పుట్టిందని నిఘంటుకారులు చెబుతారు. ఫ్రెంచివారు దీన్ని తెలివిలేని పక్షిగా లెక్కించారట. పాపం, అది పక్షికి తగని నింద.

కూత నుంచి పుట్టని పేర్లూ ఉన్నాయి. రాబిన్ అనే పిట్ట పేరైన ‘రూజ్ గోర్జ్’ ఎర్రని గొంతును చెబుతుంది. నాగార్జునసాగర్ నీటి అంచుల్లో కనిపించే లకుముకి పిట్టకు ఫ్రెంచిలో ఉన్న ‘మార్తాఁ పెషర్’ అనే పేరులో మార్తాఁ అనేది మనిషి పేరు, పెషర్ అంటే చేపలు పట్టేవాడు. భరతపక్షి పేరైన ‘అలుయెత్’ విషయంలో మాత్రం లాటిన్ దగ్గర ఆగకూడదు. చివరి ‘ఎత్’ ప్రత్యయాన్ని తీసివేస్తే మిగిలే భాగానికి మూలమైన లాటిన్ ‘అలౌద’ గాల్ దేశపు (నేటి ఫ్రాన్స్ ప్రాంతపు పాత పేరు) మాట నుంచి అరువు తెచ్చుకున్నది.